తౌడుకు అమ్మిన బిడ్డ

మా అత్తమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఐసీయూ తలుపు ఎదుట, అంతమంది చూస్తుండగా, నా రెండు చేతులూ పట్టుకుని, "పోరన్ని మనం మళ్ల కొనలే స్రవ్యా. గా సంగతి నాకిప్పుడు యాదికొచ్చింది" అంది. లోపల నా కొడుకు దీక్షిత్. డెంగీ. పొట్టలో నీళ్లు చేరాయి, బీపీ నిలబడటం లేదు, ప్లేట్‌లెట్లు పూటపూటకూ పడిపోతున్నాయి. ఈ రోజు గడిస్తే గాని ఏమీ చెప్పలేమని రాత్రి డ్యూటీ డాక్టరు పొద్దున్నే చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు. అలాంటి పొద్దున ఆమె ఈ మాట ఎత్తింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ కొనడమేమిటో చెప్తాను. దీక్షిత్ కంటే ముందు నాకు ఇద్దరు పుట్టి, ఇద్దరూ పురిట్లోనే పోయారు. వీడు పుట్టాక మా అత్తమ్మ వాసవాంబ, పిల్లలు దక్కని ఇళ్లలో పెద్దవాళ్లు చేసే పని చేసింది. పురుడు రోజున పసివాణ్ని చాటలో పడుకోబెట్టి, కన్న పిల్లలందరూ బతికి బట్టకట్టిన ఒక తల్లికి దోసెడు తౌడుకు అమ్మేసింది. అలా అమ్మితే వాడిక మన బిడ్డ కాడట. తౌడు పాటి చేసేవాడి కోసం చావు ఇంతదూరం రాదట. కాసేపాగి అదే తౌడు ఆమె చేతిలో పోసి బిడ్డను తిరిగి కొనుక్కోవాలి. కొన్నావిడ పేరు నాగమణమ్మ. ఛత్రినాకలో మా ఇంటి వెనక వాటాలో ఉంటూ పూలు అల్లి అమ్మేది.

అమ్మడం దాకా అయింది. సరిగ్గా అప్పుడే గల్లీలో ఎవరో "నల్లా వచ్చింది" అని అరిచారు. మా దగ్గర నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఎప్పుడొస్తుందో వదిలేవాడికి కూడా తెలియదు. నాగమణమ్మ బిందె కోసం ఉరికింది. అత్తమ్మ డ్రమ్ముల కోసం ఉరికింది. మంత్రసానితో సహా చాట చుట్టూ ఒక్క మనిషి మిగల్లేదు. పాలకు ఏడుస్తున్నవాణ్ని నేనే ఎత్తుకుని లోపలికి పోయాను. నీళ్లు నిండాక అందరూ అలసిపోయి భోజనాలకు కూర్చున్నారు. ఆ తౌడు పక్కింటి బర్రె తిన్నది.

అప్పుడు నాకు నవ్వొచ్చింది కూడా. మా నాన్న పురుషోత్తం నల్లగొండలో సైన్సు మాస్టరు. మా ఇంట్లో దేవుడి పటం లేదు. గ్రహణం నాడు ఊరంతా తలుపులు మూసుకుంటే, ఆయన మమ్మల్ని డాబా ఎక్కించి మిర్చి బజ్జీలు తినిపించేవాడు. ఆ ఇంటి నుంచి పప్పుల వ్యాపారం చేసే ఈ ఇంటికి వచ్చాను. ఇక్కడ తుమ్మినా శాంతి, దగ్గినా మొక్కు. అత్తమ్మ వాణ్ని ముద్దుగా 'తౌడయ్య' అని పిలిచినప్పుడల్లా, బంగారంలాంటి పేరు పెట్టుకుంటే ఈ తౌడేంది అని నేను లొల్లి పెట్టుకునేదాన్ని.

"అత్తమ్మా, వాడికి దోమ కుట్టింది. తౌడుకూ దోమకూ ఏం సంబంధం?" అన్నాను.

"దోమ అందరిని కుడ్తది బిడ్డా. అందరికి గిట్లయితుందా?"

అదే మాట డాక్టరుని నేనూ అడిగి వచ్చాను. కొందరికి ఇలా అవుతుందమ్మా అన్నాడాయన. ఎందుకు నా కొడుకే ఆ కొందరిలో పడ్డాడో ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మా ఆయన శ్రవణ్‌కుమార్ గోడకు జారబడి కూర్చుని పెదవులు కదిలిస్తున్నాడు. లాల్‌దర్వాజ అమ్మవారికి బోనం, యాదగిరిగుట్టలో తలనీలాలు, జహంగీర్ పీర్ దర్గాలో చాదర్, అన్నీ అయిపోయి ఇంకెవరు మిగిలారా అని వెతుక్కుంటున్నాడు. ఆపద మొక్కులు, సంపద మరుపులు అని మామూలప్పుడైతే ఎత్తిపొడిచేదాన్ని.

అప్పుడే నల్లగొండ నుంచి మా బాపు ఫోన్ చేశాడు. మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాడు, రాలేడు. అంకెలన్నీ అడిగాడు, చెప్పాను. ఆ తర్వాత కాస్త ఊపిరి తీసుకుందామని, "ఇగో, మా అత్తమ్మ కొత్త వైద్యం చెప్తున్నది" అని తౌడు సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను.

"పోయి రా" అన్నాడు.

"ఏంది బాపూ?"

"ఆమె యాడున్నదో అడుక్కోని పోయి రా బిడ్డా. ఏం పోతది మనది?"

"నువ్వు గిట్లంటవా?"

"నాకు భయమైతుంది స్రవ్యా" అన్నాడు. ఆయన గొంతు నేనెప్పుడూ అలా వినలేదు.

అత్తమ్మ మీద ఎన్నడూ రానంత కోపం ఆ క్షణాన మా నాన్న మీద వచ్చింది. నాకు దేవుడు లేడన్నది నేను కష్టపడి తెలుసుకున్న సంగతి కాదని అప్పుడు తెలిసింది. అత్తమ్మకు తన నమ్మకం ఆమె తల్లి ఇచ్చింది, నాకు నాది మా నాన్న ఇచ్చాడు. పెళ్లినాటి గొలుసులా మెడలో వేసుకుని తిరిగాను, మెరుగు తగ్గితే తుడుచుకున్నాను, అంతే. ఇచ్చినాయన ఇప్పుడు నాకొద్దని చెయ్యి దులుపుకుంటే నా దగ్గర ఏముంది? తలుపు అద్దంలోంచి చూశాను. నా కొడుకు పొట్ట ఉబ్బి ఉంది. వేళ్లకు ఏదో క్లిప్పు, ముక్కులో గొట్టం. వాడు నన్ను చూడటం లేదు.

"నాగమణమ్మ యాడుంటది?" అని అడిగాను. మా ఆయన చివాలున లేచాడు. అఫ్జల్‌గంజ్‌లో మా దుకాణానికి బస్తాలు తోలే ట్రాలీ ఆటో ఆమె కొడుకు మురళిదే. తల్లీ కొడుకూ జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొనుక్కుని వెళ్లి చాలా ఏళ్లయింది. ఆయన ఫోన్లో గుర్తులు కనుక్కున్నాడు, అత్తమ్మ దాణా దుకాణం నుంచి ఒక కవరులో తౌడు తెప్పించింది. ఆటోలో ఒళ్లో తౌడు పెట్టుకుని కూర్చున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని.

అక్కడి ఇళ్ల గోడలకు పాత వరద మరక నడుమెత్తున ఇంకా ఉంది. నాగమణమ్మ గుమ్మంలో కూర్చుని బంతిపూలు గుచ్చుతోంది. ముందు నేను పోల్చుకోలేదు. ఆమెకు రూపాయి బిళ్లంత బొట్టుండేది, ఇప్పుడు నుదురు బోసిగా ఉంది. ద్వారం మీద సిలువ ఉంది. అది చూసి కవరును వెనక్కి పట్టుకున్నాను.

దీక్షిత్ సంగతంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె దండ పక్కన పెట్టి, "బిడ్డకు ఇప్పుడెట్లున్నది?" అని నా తల నిమిరింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నా చేతిలో కవరు చూసింది.

"గదేంది?"

"తౌడు."

తల మీది చెయ్యి వెనక్కి తీసుకుంది. "గది మాత్రం నాతోని కాదు బిడ్డా. గవన్నీ నేను ఇడిసిపెట్టిన. ప్రభువు దగ్గరికొచ్చిన. మా మురళి గూడ ఇప్పుడు డానియేలు."

"నువ్వు చెయ్యాల్సింది ఏం లేదు నాగమణమ్మా. తౌడు తీసుకోని, పిల్లగాన్ని తీస్కపో అను. అంతే."

"నమ్మకుంట ఎట్లంట? నువ్వు నమ్ముతున్నవా?"

"లేదు."

"నువ్వు నమ్మవ్, నేను నమ్మ. మరి గీ తౌడు ఎవలకు?"

"నాకేం తెలుసు" అని అరిచాను. "నాకేం తెలుసు. వాడు సచ్చిపోతున్నడు నాగమణమ్మా." ఆ మాట అప్పటిదాకా నేను పైకి అనలేదు. బంతిపూల పక్కనే నేల మీద కూలబడి, వీధి వాళ్లు తొంగి చూసేంత గట్టిగా ఏడ్చాను.

ఆమె నా పక్కనే కూర్చుంది. నన్ను ఊరుకోమనలేదు. నా ఏడుపు తగ్గాక తన మాట చెప్పింది. "నీళ్లొచ్చిన యేడు మా ఆయన దవాఖానల పడ్డడు. నేను బెంచి మీద ఒక్కదాన్నే. మొక్కని దేవుడు లేడు. మా వాళ్లెవరు తొంగి చూడలే. ఎవలో ఒకామె వచ్చి చాయ్ తాపింది, నా చెయ్యి పట్టుకోని కండ్లు మూసుకున్నది. దినాం వచ్చింది. ఆమె దేవుడెవలో నేను తర్వాత అడిగిన బిడ్డా. ముందుగాల ఆమె చెయ్యే."

"మీ ఆయన బతికిండా?"

"లే. పోయిండు."

"మరి ఎట్ల నమ్మినవ్?"

"పోయిన నాడు గూడ ఆమె ఉన్నది" అంది.

నాకు ఈర్ష్య కలిగింది. మనిషి పోయాక కూడా నిలిచిన నమ్మకం ఆమెది. నేనేమో మనిషి బతికితేనే అని బేరమాడటానికి వచ్చాను, అదీ అరువు తెచ్చుకున్న నమ్మకంతో. ఆ మాటే ఆమెకు చెప్పాను. నా కొడుకును బతికించే పనైతే దేనికైనా మొక్కుతానని, లేకపోతే దేనికీ మొక్కనని, నేనింతేనని చెప్పాను.

ఆమె సిలువ వైపు చూసింది. "అయితే నేనొకటి అడుగుత. ఆయన ముందట నీ కొడుకు కోసం ప్రార్థన చేస్త. నువ్వు నా పక్కన మోకాళ్ల మీద కూసో. ఉత్తగ కూసునుడు కాదు, మనసుతోని. తర్వాత నీ తౌడు తీసుకుంట. తప్పైతే ఆయనకు నేను చెప్పుకుంట."

మోకరిల్లాను. ఆమె ప్రార్థన గడగడా సాగింది, అందులో దీక్షిత్ పేరు పదేపదే వచ్చింది. నాకు ఏ దేవుడూ కనబడలేదు. వినేవాళ్లెవరున్నా సరే, ఏ పేరైనా సరే, వాణ్ని వదిలెయ్, నన్ను తీసుకో అన్నాను. మనసుతోనే అన్నాను, ఆమెను మోసం చెయ్యలేదు.

తర్వాత ఆమె లేచి కొంగు పట్టింది. నేను తౌడు పోశాను. ఇన్నేళ్లయినా ఆమెకు ఆ మాటలు గుర్తున్నాయి. "ఎవల బిడ్డ?" అని అడిగింది.

"నా బిడ్డ" అన్నాను.

"తీస్కపో" అంది. వెంటనే లోపలికి వెళ్లిపోయింది. లోపల ఆమె ఏడుస్తూ ప్రభువుకు క్షమాపణ చెప్పుకోవడం వినిపించింది. నా కోసం ఆమె చేసిన పని ఎంత పెద్దదో నాకు తెలుసు. అయినా ఆగలేదు, ఆటో ఎక్కాను.

ఆసుపత్రికి చేరేసరికి పగటి డ్యూటీ డాక్టరమ్మ నా కోసమే చూస్తోంది. చిన్న పిల్ల, నవ్వుతోంది. "ఎక్కడికి వెళ్లారమ్మా? కౌంట్ పెరుగుతోంది. బీపీ కూడా నిలబడింది. తెల్లవారుజామున తీసిన శాంపిల్‌లోనే టర్న్ అయిపోయింది, రిపోర్టు లేటుగా వచ్చింది. ఇంక భయం లేదు" అంది.

తెల్లవారుజామున. అంటే అత్తమ్మకు తౌడు యాదికి రాకముందే. బాపు భయపడకముందే. నేను జల్‌పల్లి రోడ్డు పట్టకముందే వాడు గట్టున పడ్డాడు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అత్తమ్మతో నేను పడుతున్న కొట్లాటకు ఇంత గట్టి రుజువు ఎన్నడూ నా చేతికి రాలేదు.

అత్తమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. "ఎప్పుడు తిరిగిందంట బిడ్డా?" అని అడిగింది.

'తెల్లవారుజామునే' అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె మీద జాలితో ఆగాననుకుంటే అది అబద్ధం. నేను భయపడ్డాను. ఆ మాట పైకి అంటే ఏదో వింటుందని, విని చాటలోంచి వాణ్ని మళ్లీ ఎత్తుకుపోతుందని భయపడ్డాను. అక్కడ ఏదీ లేదని నాకు తెలుసు.

"తౌడు ఇచ్చినంక" అన్నాను.

అత్తమ్మ రెండు చేతులూ నెత్తికెత్తి మొక్కింది. మా ఆయన ఏడ్చేశాడు. బాపు ఫోన్ చేశాడు. చెప్పగానే, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, "శాంపిల్ ఎప్పుడు తీసిన్రు?" అని అడిగాడు.

ఆయన ఒక్కడికి చెప్పొచ్చు. చెప్తే నా బాపు నాకు మళ్లీ దొరికేవాడు.

"నేను పోయొచ్చినంక" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టకుండా అలాగే ఊపిరి తీసుకుంటూ ఉన్నాడు.

సాయంత్రం లోపలికి పంపించారు. దీక్షిత్ కళ్లు తెరిచి ఉన్నాయి. నీరసంగా నా వైపు తిరిగాడు. వాడి నుదుటి మీద చెయ్యి వేసి, వాడి అసలు పేరు పిలవబోయి ఆగిపోయాను.

"తౌడయ్యా" అన్నాను.

వాడు ముఖం ముడిచాడు. "మమ్మీ, నువ్వు గూడ గట్లనే పిలుస్తవా?"

"అవును నాయనా" అన్నాను. ఎవరైనా వింటే వినాలని, కొంచెం గట్టిగా మళ్లీ పిలిచాను.