దారం కొట్టిన గీత

"కాలు తియ్యి" అన్నాడు తుకారాం.

మిషను పెడల్ మీదున్న నా కాలు సంగతి అది. నేను రవిక చంక కుడుతున్నాను. చంక దగ్గర కాలు తీస్తే కుట్టు వంకర పోతుందని ఇన్నేళ్ళుగా నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మొగుడికి తెలియదు. తెలిసినా అతనికేం పట్టదు. ఒక చేతిలో వాళ్ళ నాన్న వాడిన మేస్త్రీ టేపు, ఇంకో చేతిలో నీలం పొడి పూసిన దారపు ఉండ పట్టుకుని నా కాళ్ళ కింద నుంచి గదిని కొలుస్తున్నాడు. ఇంట్లో థేటర్ పెడతాడట.

ఏషియాడ్ ఆటలప్పుడు దేశానికి పట్టిన కలర్ టీవీ పిచ్చి నాలుగేళ్ళకు బొంబాయిలో వరస గదుల మా చాల్ మెట్లెక్కి వచ్చింది. ఉత్త టీవీ అయితే నేనూ సంతోషపడేదాన్నేమో. తుకారాంకు అది చాలదు. "కలర్ టీవీ, వీసీఆర్, ఈడ పెద్ద సౌండు డబ్బా. లైట్ బంద్ జేస్తే అసల్ థేటరే! కామాటిపురల మనోళ్ళు ఎవ్వనింట్ల లేదు" అని వారం రోజులుగా నిద్రలో కూడా అదే పలవరింత. ఇంతకు ముందు ఎన్నడూ ఇంట్లో ఒక మేకు కొట్టిన మనిషి కాదు.

మా ఖోలీ అంటే ఒకటే గది. గదుల ముందు అందరూ నడిచే గ్యాలరీ వైపు గోడకు తలుపు, తలుపు పక్కన కిటికీ, కిటికీ కింద నా మిషను, ఆ మూలనే స్నానానికీ అంట్లకూ మోరీ, మోరీ పక్కన కిరసనాయిలు స్టవ్. ఎదుటి సగంలో మా అత్త గంగవ్వ మంచం, ఒక ట్రంకు పెట్టె, ఏమీ లేని గోడ. వెలుగు ఎంత వచ్చినా ఆ కిటికీలోంచే. ఆ కిటికీ నా దుకాణం. గ్యాలరీలో నిలబడి ఊచల మధ్య నుంచి ఆడవాళ్ళు గుడ్డలు ఇస్తారు, కుట్టినవి తీసుకుంటారు. మా చాల్ వాళ్ళకంటే పక్క గల్లీ వాళ్ళే ఎక్కువ. సాయంత్రమైతే గుమ్మాల్లో నిలబడి గిరాకీ కోసం చూసే ఆడవాళ్ళ గల్లీ అది. వాళ్ళలో రత్నాబాయి మొదటి నుంచీ నా దగ్గరే కుట్టించుకుంటుంది. మా పాలమూరు వైపు పిల్ల. ఎండలో వచ్చి ఆయాసపడుతూ నిలబడితే ఒకసారి లోపలికి రమ్మన్నాను. అత్త గడపకు అడ్డంగా కాళ్ళు చాపి కూర్చుంది. "గాడనే నిలవడు. గడప తొక్కితె మైల" అంది. గడప దాటి రాకూడని మనిషి ఇచ్చిన కూలితో వచ్చిన జొన్నరొట్టె మాత్రం ఆవిడ గొంతు హాయిగా దాటింది.

మిల్లులు సమ్మెలో మూతపడి వర్లిలో తుకారాం పని పోయినప్పుడు ఈ ఇంటి పొయ్యి నా మిషను మీదే మండింది. నెల, రెండు నెలలు కాదు, ఏళ్ళు. అప్పుడు మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి అనేవాడు, "ఆ గల్లీ ఆడోళ్ళ లంగలు నా ఇంట్ల కుడ్తవా? ఇజ్జత్ తీస్తున్నవ్" అని. మళ్ళీ గంటకు లేచి, "కూర ఏమొండినవ్?" అనేవాడు. ఇప్పుడు ఏదో ఆఫీసులో ప్యూను పని దొరికింది కాబట్టి ఇజ్జతు తిరిగొచ్చింది. ఇజ్జతుతో పాటు థేటరూ వస్తోంది.

దీనికంతటికీ ఇంజినీరు మొగులయ్య. తుకారాం దోస్తు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఒక వీడియో పార్లర్‌లో టికెట్లు చింపుతాడు. టికెట్లు చింపే చేత్తోనే మా ఇంటి గోడల మీద లెక్కలు రాశాడు. "కొత్తగ పెట్టేటోళ్ళు అందరు ఒక్కటే తప్పు జేస్తరన్నా. పైసలన్ని టీవీల పోస్తరు, చీకటి సంగతి మరుస్తరు. కిటికీ వెలుగు సీదా టీవీ అద్దం మీద పడ్తది. బొమ్మ ఏడ కనవడ్తది? మొహం కనవడ్తది!" అన్నాడు. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తే సౌండు గుయ్యిమనదన్నాడు. పొయ్యి పొగకు వీసీఆర్ ఖరాబైతదన్నాడు. నల్లగుడ్డ మస్తు కావాలన్నాడు. ప్రతి మాటకూ తుకారాం తల ఊపాడు. నేను ఏదైనా చెబితే ఆ తల ఎప్పుడూ అడ్డంగానే ఊగుతుంది.

ఆ ఆదివారం పొద్దున దారం కొట్టారు. మా వాళ్ళ తాతలు బొంబాయికి మేస్త్రీలుగా, మట్టి మోసే కూలీలుగా వచ్చిన కామాటీలు. గోడ లేపే ముందు నేల మీద రంగు దారం బిగించి పట్టి మధ్యలో వేలితో లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గీత మీదే గోడ. దారం ఒక కొస అత్త పట్టుకుంది, ఇంకో కొస తుకారాం. టప్పుమని గది మధ్యలో నీలం గీత పడింది. అత్త రెండు కొసలా కుంకుమ బొట్టు పెట్టి కళ్ళు తుడుచుకుంది. "మీ తాత కొట్టిన దారం మీదనే సగం బొంబాయి లేసింది రా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇగ సూడు. దారం కొట్టినంక గీత చెరపొద్దు. గీత మీద లేసినదాన్ని గుంజొద్దు. గుంజినోని వంశానికి కీడు. చీపురు గిట్ల జర సూస్కోని ఊడువు" అని బెదిరించింది. వాళ్ళ గొప్పలన్నిటికీ కాపలా ఎప్పుడూ నా చీపురే.

తుకారాం గీత మీద నిలబడి ఆర్డరు వేశాడు. "గీత అవతలంత థేటర్. నీ మిషను, నీ పొయ్యి, నీ గుడ్డ పీలికలు ఒక్కటి గీత దాటొద్దు."

మంచి గీతే అనుకున్నాను. సుద్దముక్కతో సీట్లు గీశాడు. మంచం వాళ్ళమ్మకు. కుర్చీ తనకు. ఇంకో కుర్చీ మొగులయ్యకు. ముందు చాప మా పిల్లలకు, చాల్ పిల్లలకు. వెనక బెంచీ చాల్ పెద్దమనుషులకు.

"నాకేడ?" అన్నాను.

నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు కూసుంటవా? కూసుంటె చాయ్ ఎవ్వలిస్తరు? పొయ్యి కాడ నిలవడు, గాడికెల్లి అంత సాఫ్ కనవడ్తది."

"కిటికీకి?"

"నల్లగుడ్డ మేకులు కొట్టి బిగిస్తం. ఇగ తెరిసేది లేదు."

"మిషనుకు వెలుగు?"

"బల్బు ఏస్కో."

"గుడ్డలు ఏడకెల్లి ఇస్తరు మరి?"

"పెద్ద ఫ్యాక్టరీ నడుపుతున్నవ్ మల్ల! థేటర్ అయినంక ఆ గల్లీ ఆడోళ్ళు నా కిటికీ కాడ నిలవడితె నలుగురేమంటరు? బస్. బంద్ జెయ్యి. నేను సంపాయిస్తలేనా?"

అంత తేలిగ్గా అన్నాడు. ఉప్పు తక్కువైంది అన్నట్టు అన్నాడు. ఆ మిషను లేకపోతే నాకు చేతిలో పని లేదు, పలకరించే మనిషి లేదు, అడగకుండా ఖర్చు పెట్టుకునే రూపాయి లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడకు అంటించిన కోడిగుడ్ల అట్టల మధ్య బల్బు కింద వీళ్ళందరికీ చాయ్ కాస్తూ బతకాలి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

తక్కువ ఖర్చులో థేటర్ అని తుకారాం అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఖర్చు ఎందుకు తగ్గిందో నన్నడిగితే చెబుతాను. టీవీ వాయిదాల మీద. వీసీఆర్ పార్లర్ వాళ్ళు తీసేసిన పాతది. సౌండు డబ్బా గణపతి మండపం వాళ్ళు మూలన పడేసింది. మిగతాదంతా నేను. గుడ్ల అట్టలు ఇరానీ హోటల్ వెనక నుంచి ఏరుకొచ్చి, కంపు పోయేదాకా గుడ్డ పెట్టి తుడిచి, మైదా ఉడకబెట్టి గోడకు అంటించింది నేను. డబ్బాకు పట్టిన గులాల్ రంగు గోకింది నేను. గోడకు సున్నం వేసింది నేను. "కూలీ ఖర్చు ఏం లేదు, ఇంటి మనిషే గదా" అని మొగులయ్యతో అంటుంటే విన్నాను. ఇంటి మనిషికి కూలీ ఉండదు, కుర్చీ ఉండదు, ఇంట్లో మాత్రం ఉండాలి.

నల్లగుడ్డ మూట తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. కిటికీకి, తలుపుకు, టీవీ వెనక గోడకు సరిపడా ఉంది. "అంచులు కుట్టి పెట్టు. వచ్చే ఐతారం ఓపెనింగ్" అన్నాడు.

ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకున్నప్పుడు నాకు పెళ్ళయిన కొత్త గుర్తొచ్చింది. అప్పుడు ఇదే ఖోలీలో మామ, అత్త, మరిది, మేమిద్దరం. చాల్‌లో కొడుకు పెళ్ళయితే గది మధ్యలో తీగ కట్టి ఏదో ఒక చీర వేలాడదీస్తారు. ఎంత లేనివాళ్ళయినా ఆపాటి మర్యాద చేస్తారు. మా ఇంట్లో చెయ్యలేదు. నేనే రెండు పాత చీరలు కలిపి కుట్టి, అటూ ఇటూ మేకులు కొట్టి కట్టుకున్నాను. అత్త తెల్లారి లేచి పర్రున లాగేసింది. "మేమేమన్న పరాయోళ్ళమా? మాకు కనవడకుండ నువ్వేం జేస్తవ్?" అని గ్యాలరీలో నిలబడి చాలంతా వినేట్టు అరిచింది. తుకారాం పళ్ళు తోముకుంటూ నవ్వాడు. "ఇది ఖోలీ పిల్లా. థేటర్ గాదు పర్దాలు గట్టనీకి" అన్నాడు. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది. ఆ తర్వాత మోరీలో నీళ్ళ డ్రమ్ము వెనక ముడుచుకుని బట్టలు మార్చుకున్నాను. పిల్లలకు పాలిచ్చినన్నాళ్ళు గోడకు మొహం పెట్టుకుని కూర్చున్నాను. నా మీద అతని చెయ్యి పడిన ప్రతిసారీ మామ దగ్గు వింటూ పళ్ళు బిగబట్టాను. సిగ్గు నాది కాబట్టి గుడ్డ దొరకలేదు. సినిమాకు మాత్రం మూటలకొద్దీ దొరికింది.

తలెత్తి చూస్తే పాత మేకులు గోడలకు అట్లాగే ఉన్నాయి. వాటి కింద నేల మీద నీలం గీత. గది సగం ఎక్కడో నాకూ తెలుసు, అతని దారానికీ తెలుసు. రెండూ ఒకే చోట పడ్డాయి.

వారమంతా కుట్టాను. అంచులు కాదు, ముక్కలన్నీ కలిపి కుట్టాను. అత్త చూసి, "మంచిగ మందంగ కుట్టు, వెలుగు రావద్దు" అంది. "రాదత్తా" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం తుకారాం, మొగులయ్య క్యాసెట్ తేవడానికి, పెద్దమనుషుల్ని పిలుచుకు రావడానికి దిగారు. అత్త వాళ్ళతో మెట్ల దాకా వెళ్ళింది. పాత మేకులకు కొత్త తీగ బిగించి, నల్ల పర్దా గీత మీద వేలాడదీశాను. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తీగ నుంచి నేల దాకా. తలుపు, కిటికీ, మోరీ, పొయ్యి, మిషను నా వైపు. మంచం, కుర్చీలు, టీవీ, గుడ్ల అట్టలు వాళ్ళ వైపు. కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచాను.

తుకారాం గడపలోనే ఆగిపోయాడు. "ఇదేందే?"

మొగులయ్య పర్దా ఎత్తి లోపల తల పెట్టి చూసి, "అన్నా, లోపట చీకటి ఝక్కాస్ అయింది! అసల్ థేటర్!" అన్నాడు. అతనికేం, ఇంజినీరు.

"కిటికీకి కుట్టమంటె నడి ఇంట్ల కట్టినవా? ఇంట్లకు రావాల్నంటె నీ పొయ్యి కాడికెల్లి రావాల్నా?" తుకారాం పర్దా అంచు గుప్పిట పట్టుకున్నాడు.

"గీత నువ్వే కొట్టినవ్" అన్నాను. "నావన్ని గీత ఇవతలనే ఉన్నయ్. ఒక్కటి దాటలే. గీత మీద లేవాల్సింది లేసింది. గుంజు మరి."

వెనక నుంచి అత్త పరుగున వచ్చింది. నా మీదికి రాబోతోందనుకున్నాను. ఆవిడ చూపు గీత మీద పడింది, కుంకుమ బొట్ల మీద పడింది, కొడుకు గుప్పిట మీద పడింది. "ఇడిసిపెట్టు రా!" అని అతని చెయ్యి మీద కొట్టింది. "దారం కొట్టి బొట్టు పెట్టినం. గుంజితె కీడు. ఇడువు!" నా మీద జాలి కాదది, వంశం మీద భయం. నాకు ఏదైనా ఒకటే.

వెనక పెద్దమనుషులు చెప్పులు విడుస్తున్నారు. వాళ్ళ ముందు రచ్చ కాకూడదు కాబట్టి తుకారాం నా చెవి దగ్గరకు వంగాడు. "రాత్రి కానీ. జెప్త నీ సంగతి."

"రాత్రికి గూడ పర్దా ఉంటది" అన్నాను, గొంతు తగ్గించకుండా. "నా చాప ఈ పక్కనే."

పెద్దమనుషులు తలలు వంచుకుని, నా పొయ్యి పక్క నుంచి, నా మిషను పక్క నుంచి ఒక్కొక్కరే పర్దా ఎత్తుకుని చీకట్లోకి పోయారు, వాళ్ళ వెనకే పిల్లలూ, అత్తా, తుకారామూ. సినిమా మొదలైంది. గణపతి డబ్బా గర్జించింది. గుడ్ల అట్టలు ఏమీ ఆపలేదు.

కిటికీ దగ్గర రత్నాబాయి నిలబడి ఉంది, చేతిలో పచ్చ రవిక గుడ్డ. "ఇయ్యాల బంద్ అన్నరు గద అక్కా?"

"ఎవ్వరన్నరు? లోపటికి రా."

ఆమె గడప వైపు చూసింది. కాలు ఎత్తి ఆగింది. నేను లేచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా స్టూలు పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. కొలతలు తీసుకుంటుంటే పర్దా వెనక నుంచి అత్త గొంతు, "ఎవల్లే అది, లోపటికొచ్చింది?"

"గీత ఇవతల నాది అత్తా. ఎవల్లొస్తరో నేను సూస్కుంట."

స్టవ్ మీద చాయ్ మరిగింది. రెండు కప్పుల్లో పోశాను. ఒకటి రత్నాబాయికి, ఒకటి నాకు. కూర్చుని తాగాను. తర్వాత పచ్చగుడ్డ సూది కింద పెట్టి మిషను తొక్కడం మొదలుపెట్టాను.

"మిషను బంద్ జెయ్యి! మాటలు ఇనవడ్తలెవ్వు!" చీకట్లోంచి తుకారాం అరిచాడు. "ఇనవడ్తలేదా? కాలు తియ్యి!"

చంక కుడుతున్నాను. కాలు తియ్యలేదు.