నడుమ రాసే రెండు వరుసలు

ప్రొద్దుటూరు బస్టాండు బయట పాత పుస్తకాలు పరుచుకుని కూర్చునే ఆదెన్నకు తన బతుకు మీద ఫిర్యాదేమీ లేదు. సొంత ఖర్చుతో అచ్చేయించుకున్న రెండు కథల పుస్తకాలు ఎవరూ కొనకపోయినా, పొద్దున్నే ఆయన రాసే రెండు వరుసల కోసం మాత్రం జనం నిలబడేవాళ్లు. జమ్మలమడుగు బస్సు దిగినవాళ్లూ, పులివెందుల బస్సు ఎక్కబోయేవాళ్లూ ఆయన గోడకు ఆనించిన అట్ట ముందు ఒక నిమిషం ఆగి కదిలేవాళ్లు. ఏ రచయితకు దక్కుతుంది ఆ వైభోగం?

ఆ అట్ట సంగతి చెప్పాలి. ఆదెన్న రోజూ రెండు పేపర్లు కొంటాడు. ఒకటి ఒక పార్టీది, ఇంకొకటి ఇంకో పార్టీది. పైకి ఎవరూ అనరు గానీ చంటిపిల్లలకు కూడా తెలుసు. ఒకే గొడవ మీద రెండింటిలో వచ్చిన వార్తలు కత్తిరించి, ఎడమ ఒకటి కుడి ఒకటి అంటించి, నడుమ తన మాట రెండు వరుసలు రాస్తాడు. ఎవరి పక్కది వాళ్లే చదువుకుంటారు, నడుమది అందరూ చదువుతారు. పదకొండేళ్లుగా ఊళ్లలో బాంబులు పేలుతున్నా ఆ అట్ట జోలికి ఎవరూ రాలేదు. ఎందుకంటే ఆదెన్న ఎవరి పేరూ రాయడు. "నిన్న ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదు" అంటాడు, ఎవరి ఇల్లో చెప్పడు. పిరికితనం అనుకుంటే అనుకోండి, ఆయన మాత్రం దాన్ని తెలివి అనుకునేవాడు.

ఆ రోజు వార్త చూసి ఆయనకు మొదట నవ్వొచ్చింది. జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో, గడ్డివామిలో ఎవరో దాచిన నాటుబాంబు పేలి, మేకలు తోలుకుపోతున్న చిన్నసుబ్బయ్య కాలికి దెబ్బ తగిలింది. మా కార్యకర్త మీద హత్యాయత్నం అని ఎడమ పేపరు రాసింది. కుడి పేపరూ అచ్చం అదే రాసింది. నడుమ ఏం రాయాలా అని ఆదెన్న టీ తాగుతూ కులాసాగా ఆలోచిస్తుంటే, ఖాళీ క్యారియర్ పట్టుకుని ఒకామె వచ్చి నిలబడింది.

"అట్ట రాసేది నువ్వేనా అప్పా? నా పేరు అంకమ్మ. ఆ దెబ్బ తగిలినాయన నా మొగుడే."

ఆదెన్న నవ్వు మాయమైంది. కూర్చోమన్నాడు.

"రెండు పార్టీలోళ్లూ ఆసుపత్రికి బత్తాయిలు తెచ్చినారు. మంచానికి ఈ పక్కొకరు, ఆ పక్కొకరు నిలబడి ఫోటోలు దిగినారు. ఇప్పుడు ఇద్దరూ, అవతలోళ్లే బాంబు పెట్టినారని సాక్షి సంతకం పెట్టమంటాండారు. వీళ్లకు పెడితే వాళ్లు బతకనీరు, వాళ్లకు పెడితే వీళ్లు బతకనీరు. ఆయనకు పార్టీ యాడుందప్పా? ఆయన ఎవురి మనిషీ కాడని ఒక్క మాట రాయి."

"పోలీసోళ్లకు చెప్పుకోరాదామ్మా?"

"వాళ్లకు చెప్తే వాళ్లొక్కరే ఇంటారు. నీ అట్ట రెండు దిక్కులోళ్లూ సదువుతారంట గదా."

తన రాతకు ఇంతటి మెప్పు ఆదెన్న ఎన్నడూ వినలేదు. ఇంత భయమూ ఎన్నడూ వేయలేదు. పేరు లేకుండా రాస్తే ఆ మనిషికి పనికిరాదు. పేరు పెట్టి రాస్తే రెండు పార్టీలకూ కోపం, రేపీపాటికి ఈ పుస్తకాలన్నీ నడివీధిలో బూడిద. కథల్లో ఎంతమంది చేత ఎన్నెన్ని ధైర్యపు మాటలు పలికించాడో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే కలం తీశాడు.

"చిన్నసుబ్బయ్య ఏ పార్టీ మనిషీ కాడు. ఆయనకున్నది ముప్పై మేకలు, ఒక భార్య."

అంకమ్మకు చదువు రాదు. చదివించుకుని విని, "మేకల కంటే ముందు నన్ను రాయరాదా?" అంది. ఆదెన్న కొట్టేసి మళ్లీ రాశాడు.

ఆ రోజంతా జనం చదివారు, బస్సులెక్కి వెళ్లారు. రెండో రోజూ, మూడో రోజూ ఆదెన్న అట్ట మార్చలేదు. మూడో రోజు సాయంత్రం చిన్నన్న వచ్చాడు. ఎడమ పేపరు పార్టీ నాయకుడి వెంట ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న మనిషి, మీద మూడు కేసులు. వచ్చి పుస్తకాల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నిజమే రాసినా మామా," అన్నాడు ఆదెన్న, అడగకముందే.

"అబద్ధమని ఎవురన్యారు? మా రెడ్డి సంతకం వద్దులే అన్యాడు. పది ఊర్లోళ్లు సదివినాక ఇంకా మావోడే అంటే నవ్వుతారంట. అవతలోళ్లూ మానుకున్యారు. చిన్నసుబ్బయ్య పొద్దున ఆసుపత్రి నుంచి ఇంటికి పోయినాడు."

ఆదెన్నకు ప్రాణం లేచొచ్చింది. జీవితంలో రాసిన వాటన్నిటిలోకీ ఇదే మంచి రాత అనిపించి, కళ్లు తుడుచుకున్నాడు.

చిన్నన్న మాత్రం లేవలేదు. అటూ ఇటూ చూసి, అట్ట దగ్గరికి జరిగి, 'ఏ పార్టీ మనిషీ కాడు' అన్న మాట ఇంకోసారి చదువుకున్నాడు.

"ఆదెన్నా, ఆ కింద ఇంకొక పేరుకు జాగా ఉందా?"

"ఎవురిది మామా?"

"నాదే," అన్నాడు చిన్నన్న.