మూడు బారల తీగ

"అది పూర్తిగా బిగుసుకుపోయింది. ఇంట్లో అయ్యే పని కాదు, షాపుకి తీసుకెళ్ళాల్సిందే" అని మా ఆయన తీర్పు చెప్పి ఆ శుక్రవారానికి ఇరవై ఆరు రోజులు. తీర్పు చెప్పాక గడ్డి కోసే మెషీన్‌ని వెనక వరండాలో గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, టీ అడిగారు. అప్పటికి పెరట్లో సగం కోశారు. కోసిన సగం మళ్ళీ పెరిగింది, కొయ్యని సగం మోకాలు దాటింది. నేను గుర్తు చేసినప్పుడల్లా "ఆదివారం చూద్దాంలే" అన్నారు. మూడు ఆదివారాలు వచ్చి వెళ్ళాయి. నాలుగోది రాకముందే ఆఫీసువాళ్ళు ట్రైనింగని ఆయన్ని పది రోజులు వేరే ఊరు పంపారు. గుమ్మంలో బ్యాగు భుజానికి తగిలించుకుంటూ "ఆ మెషీన్ జోలికి మాత్రం వెళ్ళకు, వేళ్ళు పోతాయి. నీకు మిక్సీ చాలు" అని నవ్వారు. నేనూ నవ్వాను. పద్నాలుగేళ్ళుగా అలవాటైన నవ్వు, పిలవకపోయినా వచ్చేస్తుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి శిశు సంక్షేమ శాఖ నుంచి ఆఫీసరు రావాలి. మా ముందు గదులు రెండింటిలో, ఉద్యోగాలకి వెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకోవడానికి నేను క్రెష్ పెట్టుకుంటానని దరఖాస్తు చేశాను. మా వీధిలోనే ఏడుగురు తల్లులు ఒకటో తారీఖు నుంచి పిల్లల్ని వదులుతామన్నారు. కిందటి శుక్రవారం ఆఫీసరు ఒకసారి వచ్చింది. గదులు, కిటికీ ఊచలు, బాత్‌రూము, మందుల డబ్బా అన్నీ చూసి తల ఊపింది. వెనక తలుపు తీసి మాత్రం అక్కడే ఆగిపోయింది. "పసిపిల్లలు ఆడేది ఇక్కడా? ఇందులో గేదె పడుకున్నా కనబడదు. వారం టైమిస్తున్నా. గడ్డి పోతే సంతకం పెడతా. లేదంటే మళ్ళీ ఏడాదే" అని వెళ్ళిపోయింది. ఏడాదిదాకా ఆ ఏడుగురు తల్లులూ నాకోసం ఆగరు. ఆ సంతకం ఎంత కావాలో ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. నా ఇద్దరు పిల్లలు, ఆ తర్వాత ఆడపడుచు కవలలు మూడేళ్ళు నిండేదాకా, ఆ వెనకే మరిది కొడుకు, అందరూ ఈ ఇంట్లోనే పెరిగారు. క్రెష్ సంగతి చెప్పినప్పుడు ఆ మరిదే "పిల్లల్ని చూసుకోవడం కూడా ఒక ఉద్యోగమా వదినా? ఇంట్లో ఊరికే చేసేదేగా" అన్నాడు. వాడి కొడుక్కి మాటలు నేర్పింది నేను. ఆ 'ఊరికే' నాలుగు రోజులు నన్ను వదల్లేదు.

పొద్దున్నే పిల్లల్ని బడికి పంపి ఫోన్ పట్టుకున్నాను. వీధిలో గడ్డి కోసే అతను ఊళ్ళో లేనన్నాడు. రిపేరు షాపతను సోమవారం తీసుకురమ్మన్నాడు. సరే, చావో రేవో అనుకుని మెషీన్‌ని వరండాలో పడుకోబెట్టాను. కింద కొసన గుండ్రటి తల, దానికో నల్లటి మూత. ఆ మూత విప్పితే లోపల రీలు, రీలుకి నైలాన్ తీగ. పాత తీగ అయిపోయింది, కొత్తది చుట్టాలి. ఇంతే సంగతి. దాంతోపాటు వచ్చిన కాగితం ఆయన ఎక్కడ జాగ్రత్త చేశారో ఆయనకే తెలీదు. ఫోన్లో వీడియో పెట్టి చూశాను. అందులో పెద్దమనిషి మూతని చిటికెలో విప్పేశాడు, ఎటు తిప్పాడో కనబడకుండా అరచెయ్యి అడ్డం. నేను చేత్తో తిప్పాను, గుడ్డ చుట్టి తిప్పాను, పట్టకారు పెట్టి తిప్పాను. ఆ మూత చుట్టూ ముందే పట్టకారు గాట్లున్నాయి, మా ఆయన కుస్తీ తాలూకు గుర్తులు. నా గాట్లు వాటి పక్కన చేరాయి. బొటనవేలి మొదట్లో బొబ్బ లేచి చిట్లింది. మెట్టు మీద కూలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళు చూసుకుంటే ఇంకా ఒళ్ళు మండింది.

"అటు కాదు" అన్న మాట వెనకనుంచి వినపడింది.

మా అత్తయ్య. వరండాలో తన కుర్చీలో, ఒళ్ళో పేపరుతో. మా అత్తయ్యా నేనూ పోట్లాడుకోం. అలాగని మాట్లాడుకోం కూడా. వేళకి కాఫీ కప్పు పెడతాను, వేళకి మందు బిళ్ళ ఇస్తాను, ఆవిడ తీసుకుంటుంది. ఆవిడ ఆ కుర్చీలో ఉంటుంది, అంతే.

"ఏది కాదు అత్తయ్యా?"

"అటు తిప్పితే బిగుస్తుంది. ఇటు తిప్పాలి. తిరిగే వస్తువుకి ఎదురు మర ఉంటుంది."

పెద్దావిడ ఏదో అంటోందిలే అనుకున్నాను. లోకంలో ఉన్న సీసా మూతలన్నీ ఎడమకి తిప్పితేనే ఊడతాయి, ఇదొక్కటీ మహారాజా? కానీ ఆవిడ లేచి వచ్చేసింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, నా పక్కన మెట్టు మీద మెల్లగా కూర్చుంది.

"ముందు దీనికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో చూపించు."

పెట్రోలు ఇంజన్ మీద స్పార్క్ ప్లగ్గు, దానికి తగిలించిన నల్ల వైరు చూపించాను. "పీకు" అంది. పీకాను. "తిరిగేదాని మీద చెయ్యి వేసేముందు దాని ప్రాణం తీసెయ్యాలి. ఆ ఒక్కటీ మర్చిపోయిన వాళ్ళ వేళ్ళు నేను చూశాను. ఇప్పుడు తిప్పు, గడియారం ముల్లు తిరిగే వైపు."

పట్టకారు బిగించి కుడికి తోశాను. కిర్రుమంది. ఇంకో తోపుకి సడలింది. ఆ తర్వాత పట్టకారుతో పని లేకపోయింది, రెండు వేళ్ళతో తిప్పుతుంటే నిమ్మళంగా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. ఇన్ని రోజులూ అది మొరాయించనేలేదు. మా ఆయన తన బలమంతా పెట్టి దాన్ని బిగించి, బిగుసుకుపోయిందని తీర్పు చెప్పారు. ఆయన వెనకే నేనూ అదే వైపు తిప్పాను, బొబ్బ లేచేదాకా.

"మామూలు మర వేస్తే అది తిరిగే వేగానికి దానంతట అదే ఊడిపోతుంది. అందుకని తిరగేసి వేస్తారు. మిల్లులో కొన్నిటికి ఇట్లాగే ఉండేది" అంది అత్తయ్య.

"ఏ మిల్లు?"

"నూలు మిల్లు. నేను చేసిన మిల్లు" అంది, టైమెంతయిందంటే చెప్పినట్టు.

పదహారో ఏట చేరిందట. ఇరవై ఏడు దాకా, పదకొండేళ్ళు, కండెల మీది నూలు పెద్ద ఉండలుగా చుట్టే విభాగంలో. పెళ్ళయ్యాక కూడా ఆరేళ్ళు. మామగారికి ఉద్యోగం గట్టిపడగానే మాన్పించారు. అక్కడితో అయిపోలేదు, ఆ పదకొండేళ్ళూ లేనట్టే చేసేశారు. ఆయన పోయి మూడేళ్ళయింది కానీ ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది. ఇంటికి ఎవరొచ్చినా కాలు మీద కాలు వేసుకుని "మా ఆవిడ గడప దాటి ఎరగదండీ" అనేవారు. సరిగ్గా అప్పుడే ఈవిడ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని ఆ గదిలోకి వచ్చేది. నేను కళ్ళారా చూశాను. ఆవిడ మొహంలో ఏమీ కదిలేది కాదు. అది పెంకితనమో అమాయకత్వమో అనుకునేదాన్ని నేను.

కొత్త తీగ చుట్ట తెచ్చాను. అత్తయ్య కొస పట్టుకుని వంచి చూసింది. "ఎండిపోయింది. ఇట్లాగే చుడితే పుటుక్కుమంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో అరగంట వెయ్యి" అంది. వేశాను. ఆ అరగంటలో రీలు తుడిచాను, తల లోపల పేరుకున్న పచ్చటి మడ్డి గీకాను. నీళ్ళలోంచి తీసేసరికి తీగ మెత్తబడింది. మూడు బారలు కొలవమంది. నా చేతులు చాపి కొలిచి కత్తిరించాను. "మధ్యకి మడువు. సరిసమానంగా వద్దు, ఒక కొస జానెడు పొడుగుండాలి. ఆ మడత రీలు మధ్యలో గాడిలో తగిలించు. బాణం గుర్తు ఎటుందో అటే చుట్టు." చుట్టాను. నాలుగో చుట్టు మూడోదాని మీదికి ఎక్కింది. విప్పాను. మళ్ళీ చుట్టాను. ఈసారి వదులైపోయి రీలు మీంచి జారింది.

"ఇటియ్యి" అంది.

ఇచ్చాను. ఆ తర్వాత నేను చూసింది ఎలా చెప్పాలో తెలీడం లేదు. ఆవిడ ఎడమచేతి బొటనవేలు తీగ మీద ఆనింది. నొక్కలేదు, వదల్లేదు, ఉందంతే. కుడిచేతిలో రీలు తిరగడం మొదలుపెట్టింది. చుట్టు పక్కన చుట్టు, చుట్టు పక్కన చుట్టు, రెండు అరల్లోనూ తీగ తనంతట తనే వరస కట్టుకుంటున్నట్టు పడిపోయింది. ఆవిడ రీలు వంక చూడటం లేదు. పెరట్లో గడ్డి వంక చూస్తోంది. నా ఇద్దరు పిల్లలకీ నీళ్ళు పోసిన చేతులవి, ఆడపడుచు కవలల్ని చెరో తొడ మీదా వేసుకుని జోకొట్టిన చేతులవి. రోజూ ఆ చేతుల్లో మందు బిళ్ళ పెడుతున్నాను. వాటికి ఇంత విద్య ఉందని నాకు తెలీదు.

కొసలు రెండూ రీలు అంచు గాళ్ళలో బిగించి నాకు తిరిగిచ్చింది. ఆగలేక అడిగేశాను. "ఆరోజు ఆయన అంతసేపు కుస్తీ పడుతుంటే మీరు ఇక్కడే ఉన్నారుగా అత్తయ్యా. చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?"

కోపంగా అనలేదు. ఉన్న సంగతి అన్నట్టు అంది. "వాడు అడగలేదు. వాళ్ళ నాన్న అసలెప్పుడూ అడగలేదు" అని ఆగింది. మూడో మనిషి పేరు చెప్పకుండా వదిలేసింది, అది ఆవిడ మర్యాద. నా తల వాలిపోయింది. నా చాకిరీ ఎవరికీ కనబడదని స్నేహితురాళ్ళ దగ్గర గంటలు గంటలు చెప్పుకున్నాను. ఆ చాకిరీలో సగం నా పక్కనే నిలబడి చేసిన మనిషిని పద్నాలుగేళ్ళలో ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంట్లో మగవాళ్ళు ఎటు తిప్పారో నేనూ అటే తిప్పాను. సిగ్గుపడ్డాను. ఆ సిగ్గులోనే ఏదో సంతోషం కూడా వచ్చిపడింది, ఇంత మనిషి మా ఇంట్లోనే ఉందా అని.

తీగ కొసలు తలకున్న కన్నాల్లోంచి బయటికి లాగి, రీలు నొక్కి, మూత ఈసారి ఎడమకి తిప్పి బిగించాను. ఆయన బూట్లు, పాత ప్యాంటు, కళ్ళద్దాలు వేసుకుని పెరట్లో దిగి తాడు లాగాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకో నాలుగుసార్లు లాగాను.

"వైరు పెట్టావా?" అని అడిగింది వరండాలోంచి.

పెట్టలేదు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆవిడ పళ్ళు కనబడేలా నవ్వడం నేను అంతకుముందు చూశానో లేదో గుర్తులేదు. వైరు తగిలించి లాగితే మెషీన్ గర్జించింది. పాదాలు దూరంగా పెట్టి, తల నేలకి దించాను. మోకాలెత్తు గడ్డి పడిపోయింది. పదునన్నది లేదు, కత్తి కాదు, ఇందాక నీళ్ళ గిన్నెలో మెత్తగా పడుకున్న తీగ. అదే తీగ ఇప్పుడు కంటికి కనబడనంత వేగంతో తిరుగుతూ ముదురు కాడల్ని కూడా నిలువునా పడగొడుతోంది. పచ్చటి తుంపర్లు మొహానికి కొట్టాయి, పచ్చివాసన ముక్కు నిండా పట్టింది. ఒక్కో అడుగు వేస్తుంటే వెనక నేల తేలుతోంది. ఎన్నాళ్ళుగానో కనబడని ప్రహరీ అడుగు కనబడింది, నీళ్ళ కుళాయి కనబడింది, మా చిన్నది పోగొట్టుకుని ఏడ్చిన బంతి కనబడింది. ఇంత బలం నా భుజానికి వేలాడుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ చేశాను, ఆ మోతలో ఎవరికి వినపడుతుంది.

పన్నెండున్నరకి ఆయన ఫోన్ చేశారు. గడ్డి కోసేశానని చెప్పాను.

"మూత ఊడిందా? ఎవరొచ్చి చేశారు?"

"ఎవరూ రాలేదు. అత్తయ్య చెప్పారు."

"అమ్మా?" అని పెద్దగా నవ్వారు. "అమ్మకేం తెలుసు మెషీన్ల గురించి?"

"వచ్చాక ఆవిడనే అడగండి" అని పెట్టేశాను. అలవాటైన నవ్వు ఆసారి రాలేదు.

రెండింటికి ఆఫీసరు వచ్చింది. పెరడంతా ఆ మూలనుంచి ఈ మూలకి నడిచింది. "బాగుంది. ఎవరితో కోయించారు?" అంది. మేమే అన్నాను. వరండాలో కుర్చీలో కూర్చుని కాగితాలు తీసి, కలం మూత తీసి, సంతకం చేసే చోటికి వచ్చి ఆగింది. "పిల్లలు ఏడుగురైతే ఇద్దరు మనుషులుండాలి. రెండో మనిషి కింద మీవారి పేరు రాశారు. ఆయన ఉద్యోగంలో కదా ఉండేది?"

దరఖాస్తు నింపేటప్పుడు "నా పేరు పడెయ్, ఎవరు చూడొచ్చారు" అన్నది ఆయనే. ఆఫీసరు కలం గాల్లోనే ఉంది. "ఆ పేరు కొట్టేస్తే ఇంకెవరున్నారు? లేకపోతే నేను సంతకం పెట్టలేనమ్మా" అంది.

'మా అత్తయ్య ఉన్నారుగా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆవిడ ఎప్పుడూ ఉన్నట్టే, నేను రాసేస్తే సరిపోతుందన్నట్టు. ఆ మాట మింగేశాను. లేచి అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మెట్ల దగ్గర కూర్చుని మెషీన్ తలకి అంటుకున్న గడ్డి పీకుతోంది.

"అత్తయ్యా, నాతో కలిసి ఈ పని చేస్తారా? మీకు ఇష్టమైతేనే. వద్దంటే వేరే దారి చూసుకుంటాను."

ఆవిడ చేతిలో పని ఆపింది. నా మొహంలోకి చూసింది. తర్వాత చేతులు దులుపుకుని లేచి వచ్చి, ఆఫీసరు ఎదురుగా ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొద్దున ఎన్నింటికి?" అని అడిగింది.

"ఎనిమిదింటికి. సాయంత్రం ఆరుదాకా."

"చేస్తాను" అంది అత్తయ్య. "జీతమెంత?"