మోత నాది, మాట సర్కారుది

నేను ఒక డప్పును. ఒళ్లు మేకతోలు, చుట్టూ వేపచెక్క. చింతగింజల జిగురుతో అతికించి నన్ను ఎండలో ఆరబెట్టినవాడు ఎల్లమంద, మా ఊరి చాటింపు మనిషి. మంట దగ్గర కాచకపోతే నాకు గొంతు లేవదు. కాచాక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు.

పన్నుల గడువు, తప్పిపోయిన గేదె, కలరా కబురు, అన్నీ నేనే చాటాను. మునసబు గారు చెప్పిన మాటలో ఎల్లమంద ఒక్క ముక్క మార్చేవాడు కాదు. అది వాళ్ల తాతలనాటి కట్టుబాటు. అందుకే డప్పు పడ్డ మాటకు ఊళ్లో తిరుగులేదు. మనుషులంతే, మాట ఎవరిదో చూడరు, మోత వింటారు.

తెల్లదొరల కాలంలో ఎక్కడో పెద్ద యుద్ధం వచ్చింది. "పసిబిడ్డల్ని చంపే దుర్మార్గుల మీదికి మన సర్కారు ధర్మయుద్ధానికి పోతోందహో! పటాలంలో చేరండహో!" అని చాటాం. అందరూ నమ్మారు గానీ, ప్రాణభయంతో ఒక్కడూ కదల్లేదు. చివరికి ఎల్లమంద కొడుకు కోటేశు ముందుకొచ్చాడు, వాణ్ణి చూసి వాడి నేస్తం నాగులూ కదిలాడు. తల్లి లబోదిబోమంది.

"ఊరుకో అమ్మా! అయ్య నోట అబద్ధం వచ్చిద్దా?" అన్నాడు వాడు.

ఎల్లమంద నన్ను వాయిస్తూ పొలిమేరదాకా సాగనంపాడు. ఎంత గర్వమో ఆ మొహంలో! తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె చెరువవుతుంది.

కోటేశు తిరిగి రాలేదు. వాడితో వెళ్లిన నాగులు ఒంటికాలితో వచ్చాడు.

"పిల్లల్లేరు, పాడూ లేదు మామా. ఎడారిలో నూనె బావులున్నయ్. అయ్యి దొరలకు కావాల. వాటికాడ కాపలా కాస్తా మనోడు పోయాడు" అని బావురుమన్నాడు.

ఎల్లమంద మునసబు దగ్గరికి పరుగెత్తాడు. "నూనె కోసరమని ముందే చెప్తే ఏం పోయిందయ్యా? బిడ్డను పంపాలో వద్దో నేను ఆలోచించుకునేవోణ్ణి గదా!"

"పైనుంచి వచ్చింది నేను చెప్పాను, నేను చెప్పింది నువ్వు చాటావు. నాకేం తెలుసురా?" అన్నారాయన తల తిప్పుకుని.

కొన్నాళ్లకు, ధర్మం గెలిచిందని చాటమంటూ ఆజ్ఞ వచ్చింది. ఎల్లమంద నన్ను శ్రద్ధగా కాచాడు. నడివీధిలో నిలబడి చావుడప్పు మొదలుపెట్టాడు.

"నూనె బావుల కోసరం నా బిడ్డ సచ్చిపోయాడహో! ధర్మం కాదహో, నూనెహో!"

అయ్యో, ఆ గొంతు! తల్లి గుండెలు బాదుకుంటూ మా వెనకే నడిచింది. శవం కూడా రాని కొడుకును వాళ్లు సాగనంపింది అలా. వీధి మలుపు తిరగకముందే బంట్రోతులు నన్ను లాక్కున్నారు. ఎల్లమంద కొలువు ఊడింది. మళ్లీ నేనతన్ని చూడలేదు.

ఇప్పుడు పట్నంలో, మ్యూజియం అద్దాల వెనక ఉన్నాను. "యుద్ధ విజయాన్ని ప్రజలకు చాటిన డప్పు" అని నా కింద చీటీ అంటించారు. బడిపిల్లలు గట్టిగా చదువుకుంటూ పోతుంటారు. కాదర్రా, నేను చాటింది కోటేశు చావు అని అరవాలనిపిస్తుంది. నన్ను కాచేవాడు లేడు.