తక్కువ కరెంటు పాట

మైకుసెట్టు పెట్టెలో బల్బుల్లా వెలిగే వాల్వుల కాళ్ళకు పట్టిన చిలుమును గరుకు కాగితంతో గీకుతూ మద్దిలేటి తిడుతున్నాడు. ముందు కరెంటును తిట్టాడు. తర్వాత వాన లేని ఆకాశాన్ని తిట్టాడు. చివరికి మైకుసెట్టు దుకాణం యజమాని బసప్పను, ఆయన అక్కడ లేకపోయినా ఎదురుగా నిలబడి ఉన్నట్టే తిట్టాడు.

"పాతసామాన్లోనికి ఇస్తాడంట నా పెట్టెను. ఇయ్యనీ. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి."

కళ్యాణదుర్గం బస్టాండు వెనక ఉన్న ఆ దుకాణంలోకి నిన్ననే బెంగళూరు నుంచి కొత్త ట్రాన్సిస్టర్ సెట్టు వచ్చింది. వేడెక్కదట. కరెంటు ఎక్కినా తగ్గినా దాని గొంతు మారదట. ఆ మాట బసప్ప గొప్పగా చెబుతుంటే మద్దిలేటికి అరికాలి మంట నెత్తికెక్కింది. గొంతు మారకపోతే అదేం గొంతు? సంతోషానికీ ఏడుపుకీ ఒకే గొంతుతో మాట్లాడేవాణ్ణి మనిషంటారా? ఈ రోజు బెళుగుప్పలో నూనెమిల్లు ప్రారంభానికి మాత్రం వాల్వుల పెట్టెనే తీసుకుపొమ్మన్నాడు బసప్ప. కొత్తదానికి దుమ్ము పడుతుందని.

మద్దిలేటి బక్కమనిషి. వాల్వులు పట్టుకుని పట్టుకుని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లగా మాడిపోయాయి. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుంది. భార్య మారెక్క మడకశిరలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. "కరెంటు ఒకసారి కొట్టి ఊరుకుంటాది, ఈయప్ప దినామూ కొడతాడు" అని వీధిలో అందరికీ చెప్పి మరీ వెళ్ళింది. ఆయన చెయ్యెత్తి ఆమెను ఏనాడూ కొట్టలేదు, నోటితోనే కొట్టేవాడు. ప్రేమ ముంచుకొచ్చినా ఆయన నోట తిట్టే వచ్చేది. పాపం, అది తెలిసి భరించింది రామాంజులు ఒక్కడే.

రామాంజులు ధర్మవరంలో మగ్గం నేస్తాడు. కుర్రతనంలో గుంతకల్లు రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర హవాయి గిటారు నేర్చుకున్నాడు. ఒడిలో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో తీగల మీద ఉక్కుకడ్డీ జరుపుతూ వాయిస్తాడు. ఒకసారి జాతరలో గిటారును మద్దిలేటి పెట్టెకు తగిలించి ఆయన వాయిస్తుండగా ఊళ్ళో పంపుసెట్లన్నీ ఒక్కసారిగా వేశారు. కరెంటు పడిపోయింది. గిటారు గొంతు చిన్నబోయి, బొంగురుపోయి, ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతైంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జిల్లా అంతా తిట్టుకునే తక్కువ కరెంటు ఆ ఇద్దరికీ వరమైంది.

ఆ తర్వాత మూతబడిన టెంటు సినిమా వాళ్ళ దగ్గర మద్దిలేటి ఒక డిమ్మరు సంపాదించాడు. గుండ్రటి ఇనప డబ్బా, పైన నల్లటి చక్రం, పక్కన ముల్లు ఊగే మీటరు. చక్రం వెనక్కి తిప్పితే పెట్టెకు కరెంటు తగ్గి గిటారు మూలుగుతుంది. ముందుకు తిప్పితే గలగల నవ్వుతుంది. కానీ ఊళ్ళో మోటార్లు ఆగినప్పుడు కరెంటు ఎగిరి దూకుతుంది. ఆ క్షణంలో చక్రం వెనక్కి లాగకపోతే వాల్వులు మాడిపోతాయి. అందుకే పాట ఉన్నంతసేపూ ఆయన చెయ్యి దాని మీదే ఉండేది.

మధ్యాహ్నం మిల్లు దగ్గర సామాన్లు దించుతుంటే రామాంజులు బస్సు దిగి వచ్చాడు. పదడుగులు వేసి నిలబడుతున్నాడు, దగ్గుతున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఆ దగ్గుతో యాడికొచ్చినావు? చచ్చేకా?" అంటూ మద్దిలేటి ఆయన చేతిలోని గిటారు లాక్కున్నాడు.

"నీ పెట్టెను రేపు తీసకపోతారంట గదన్నా. చూసిపోదామని వస్తి."

"చూసేకి అదేమన్నా పెండ్లికూతురా?"

"ఒక్క పాటన్నా. మా అమ్మ రాట్నం మీద దారం కండెలు చుడతా పాడేది. మన గొంతులో వాయించి పోతా."

మద్దిలేటికి ఇంకా కోపం వచ్చింది. "గొంతు నేను చూసుకుంటా. నువ్వు తీగల మీద చెయ్యి తీయద్దు. తీస్తే పెట్టె గుయ్యిమంటాది, నాకు మండుతాది."

"ఎన్నేండ్లు చెప్తావన్నా అదే మాట" అని రామాంజులు నవ్వాడు. ఆ గిటారు గుణం అంత. వాయించేవాడి చెయ్యి తీగలను తాకి ఉన్నంతసేపే పెట్టె గుయ్యిమనకుండా ఉంటుంది.

సాయంత్రం మిల్లు యజమాని గంగాధరప్ప టెంకాయ కొట్టి మోటారు వేశాడు. మీటరు ముల్లు పడిపోయింది. జనం విస్తళ్ళ మీదికి ఎగబడ్డారు. రామాంజులు సినిమా పాటలు వాయిస్తుంటే బసప్ప వచ్చి మద్దిలేటి చెవి దగ్గర అరిచాడు. "గంగాధరప్పకు ఇనపడల్లేదంట. పెంచు."

"తినేటప్పుడు నోరు మూసుకోమను, ఇనపడతాది."

బసప్ప గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అప్పుడు రామాంజులు తలతిప్పి చూశాడు. మద్దిలేటి చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పాడు. వాల్వుల ఎరుపు మందగించింది.

కండెల పాట మొదలైంది. రాట్నం తిరిగినట్టు తిరిగి తిరిగి మొదటికే వచ్చే చిన్న పాట. రామాంజులు గిటారు మీదికి వంగి, కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. ఆయనకు ఊపిరాడని చోట గిటారు ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది. మద్దిలేటి కళ్ళు మసకబారాయి. చుట్టూ చూశాడు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వినడం లేదు. పాయసం ఇంకా రాలేదని ఎవరో అరుస్తున్నారు. ఆయన పళ్ళు నూరుకున్నాడు.

ఒక స్వరం సాగి, సన్నబడి, ఆగింది. దాని వెనకే పెట్టె గుయ్యిమంది.

"చెయ్యి పెట్టు రామాంజులూ."

గుయ్యిమంటూనే ఉంది.

"చెప్తే ఇనవా? చెయ్యి పెట్టప్పా."

మద్దిలేటి లేచి వెళ్ళాడు. రామాంజులు ఎప్పటిలాగే గిటారు మీదికి వంగి ఉన్నాడు. కుడిచెయ్యి కుర్చీ పక్కకు వేలాడుతోంది. ఎడమచెయ్యి ఒడిలోకి జారింది. మెడ మీద చెమట ఇంకా ఆరలేదు. ముక్కు దగ్గర పెట్టిన మద్దిలేటి వేలికి ఊపిరి తగల్లేదు.

"పాట ఆగిపోయిందేమి? ఇంగోటి వాయించమను" అని బసప్ప దూరం నుంచి కేకేశాడు.

మద్దిలేటి తిరిగొచ్చి పెట్టె ముందు కూర్చున్నాడు. శబ్దం మొత్తం పెంచాడు. డిమ్మరు చక్రాన్ని ముందుకు ఆ కొసదాకా తిప్పాడు. గుయ్యిమనే మోత మిల్లు రేకులను అదరగొట్టింది. జనం ముద్దలు వదిలేసి చెవులు మూసుకున్నారు. గంగాధరప్ప పరిగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా ఇది? ఆపు."

"ఆపను. ఇంతసేపు వాయిస్తే ఒక్కడన్నా ఇన్యాడా? ఇప్పుడు ఇనండి. ఆయప్ప చెయ్యి లేకుంటే గిటారు ఇట్లుంటాది."

అప్పుడు అందరూ కుర్చీ వైపు చూశారు. లోపల ఎవరో మోటారు ఆపేశారు. మీటరు ముల్లు ఎగిరి కొసకు తగిలింది. మద్దిలేటి చెయ్యి అలవాటు కొద్దీ చక్రం దాకా వెళ్ళింది. తాకకుండా వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు. వాల్వులు తెల్లగా వెలిగి, చిటచిటమని, ఒకదాని తర్వాత ఒకటి నల్లబడ్డాయి.

మాడిన పెట్టెను దాటుకుని బసప్ప కుర్చీ దగ్గరికి వచ్చాడు. తన వ్యానులోకి ఎక్కించేటప్పుడు రామాంజులు కాళ్ళు తనే పట్టుకున్నాడు. మద్దిలేటి ఆ తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. "వద్దంటే వింటివా? దగ్గుతో ఎవడన్నా వస్తాడా? బుద్ధుండల్ల మనిషికి" అని ధర్మవరం దాకా తిడుతూనే ఉన్నాడు.

ఆ హడావుడిలో గిటారును ఎవరూ తీసుకోలేదు. రామాంజులు ఒడిలోంచి దించి పెట్టినట్టే మిల్లు ముంగిట్లో కుర్చీ మీద ఉండిపోయింది. దాని తీగల మీద, చివరి స్వరం ఆగిన చోటే, చెమట మరక ఆరుతున్న ఉక్కుకడ్డీ ఉంది.