అరుగు లేని లైబ్రరీ

సుందరరామయ్యగారు నర్సీపట్నం లైబ్రరీని పద్దెనిమిదేళ్లుగా చూసుకుంటున్నారు. లైబ్రరీ అంటే అదేదో మేడ అనుకునేరు. పెంకుటింట్లో రెండు అద్దె గదులు, వాటి ముందు ఓ పొడవాటి అరుగు. పుస్తకాలు గదుల్లో ఉండేవి, జనం అరుగు మీద ఉండేవారు. పొద్దున్నే బస్సులోంచి పేపరు దిగగానే ఆయన అరుగు మీద కుర్చీ వేసుకుని గొంతెత్తి చదివేవారు. నాతవరం రైతులూ, అక్షరమ్ముక్క రానివాళ్లూ చుట్టూ చేరి వినేవారు. సంతరోజున సముద్రపొడ్డు నుంచి ఎండుచేపలు తెచ్చే ఎర్రన్న గంప దించీ దించకముందే, "ముందు తుపాను కబురు సదవండి బాబూ, బేగి!" అని తొందరపెట్టేవాడు.

1978లో లైబ్రరీకి సొంత భవనం మంజూరైంది. ఆ రోజు సుందరరామయ్యగారికి సంతోషంతో అన్నం సయించలేదు. ఎందుకంటే ఆయన దగ్గర ఆరేళ్లుగా గళ్ల కాగితాల మీద గీసి, చెరిపి, మళ్లీ గీసుకున్న ప్లాను ఒకటుంది. పైవాళ్లు తనను అడక్కపోరనీ, శిలాఫలకం మీద ఓ మూల తన పేరు కూడా చెక్కుతారనీ ఆయన ఆశ.

ఎవరూ అడగలేదు. దక్షిణామూర్తి అనే కొత్త ఇంజనీరుకి ఆ పని అప్పగించారు. పట్టుమని పాతికేళ్లు లేవు. హోటల్లో, స్కూల్లో, కోర్టు గుమ్మంలో అతని మాటే. ఆ పొగడ్తలు వింటే సుందరరామయ్యగారికి కడుపు మండిపోయేది. ఇదేదో ధర్మాగ్రహం అని ఆయన తనకు తాను చెప్పుకునేవారు గానీ, ఒట్టి అసూయ. ఆ కుర్రాడు నవ్వితే అసూయ, స్కూటరెక్కితే అసూయ. భార్య వర్ధనమ్మ, "పాపం, ఎండలో తిరుగుతున్నాడండీ," అని ఓ గ్లాసు మజ్జిగిస్తే దానికీ అసూయే.

ఓ మధ్యాహ్నం దక్షిణామూర్తి స్వయంగా లైబ్రరీకి వచ్చి ప్లాను బల్ల మీద పరిచాడు.

"మేష్టారూ, ఇంకా పైకి పంపలేదండి. ఇక్కడికి ఎవరొస్తారో, ఎలా చదువుతారో మీకు తెలిసినట్టు నాకు తెలీదు. లోపం కనబడితే మొహమాటపడకుండా చెప్పండి, మార్చేస్తాను."

సుందరరామయ్యగారు కళ్లజోడు పెట్టుకున్నారు. ప్లాను అందంగా ఉంది. ముందు అదే ఆయనకు గుచ్చుకుంది. హాలు నిండా వెలుతురు వచ్చేలా, పుస్తకాల మీద మాత్రం ఎండ పడకుండా కిటికీలు పెట్టాడు. ఆరేళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నా తనకు తట్టని సంగతి అది. ఆ తర్వాత లోపం కనబడింది. అరుగు లేదు. కనీసం వసారా లేదు. రోడ్డు మీంచి నాలుగు మెట్లు, తలుపు, తిన్నగా హాలు. హాల్లో ఎవరూ నోరెత్తకూడదని నియమం. మరి పేపరు పైకి ఎక్కడ చదవాలి? వినేవాళ్లు ఎక్కడ కూర్చోవాలి?

తన ప్లానులో ఆయన మొట్టమొదట గీసింది అరుగే. ఇప్పుడు ఒక్క మాట చెబితే సరిపోతుంది. కానీ చెబితే ఆ అరుగు కూడా ఈ కుర్రాడిదే అయిపోతుంది. కట్టనీ, ఊరంతా చూసి నవ్వనీ, అప్పుడు తెలుస్తుంది ఎవరి గొప్ప ఎంతో, అనుకున్నారు.

"దివ్యంగా ఉంది బాబూ. ఒక్క గీత మార్చక్కర్లేదు," అన్నారు.

దక్షిణామూర్తి వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాడు.

కట్టడం మూడేళ్లు సాగింది. పునాది తవ్వినప్పుడూ, స్లాబు పోసినప్పుడూ సుందరరామయ్యగారు రోజూ వెళ్లేవారు. మెట్ల ముందు ఏమీ లేకపోవడం చూసుకుని లోలోపల మురిసిపోయేవారు. ఆయన శ్రద్ధకి ఊళ్లోవాళ్లు తెగ ముచ్చటపడ్డారు.

ప్రారంభోత్సవం రోజున దక్షిణామూర్తి మైకు ముందుకొచ్చాడు.

"ఈ ప్లాను నా ఒక్కడిదీ కాదండి. సుందరరామయ్య మేష్టారు చూసి, సరేనన్నాకే మొదటి రాయి పడింది. అందుకే ఆయన పేరు నా పేరు కన్నా పైన చెక్కించాను."

తెర తీశారు. నల్లరాతి మీద పెద్ద అక్షరాల్లో తన పేరు. మెడలో దండ పడింది, చప్పట్లు మోగాయి. సిగ్గుతో ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ సిగ్గులోనూ అసూయ వదల్లేదు. తను చచ్చినా ఇవ్వలేనిది ఈ కుర్రాడు ఎంత సులువుగా ఇచ్చేశాడు!

మర్నాడు సంత. సుందరరామయ్యగారు పేపరు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మెట్ల కింద ఎర్రన్న, అతని వెనక పదిమంది రైతులూ ఎండలో నిలబడి ఉన్నారు. ఒక రైతు లోపల అడుగుపెట్టి, మొజాయిక్ నేల మీద తన మట్టికాలి ముద్ర చూసి గభాలున కాలు వెనక్కి తీసుకున్నాడు. సుందరరామయ్యగారు గుమ్మంలోనే నిలబడి చదవడం మొదలెట్టారు. హాల్లోంచి ఎవరో "ష్" అన్నారు. ఆయన గొంతు తగ్గించారు. కిందనున్న వాళ్లకు ఒక్క ముక్క వినబడలేదు.

ఎర్రన్న శిలాఫలకం వంక చూశాడు.

"ఈ ప్లాను మీరే ఏసినారట గదా బాబూ. రాయి మీద మీ పేరే ఉందట."

సుందరరామయ్యగారు పేపరు మడిచారు.

"మమ్మల్ని రావొద్దనుకుంటే నోటితో సెప్పీస్తే పోయేది గదా బాబూ. దానికింత మేడ కట్టాలేటి?"

కాదు, ఇది ఆ ఇంజనీరు గీసింది, అనబోయారు ఆయన. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అరుగు అన్న ఒక్క మాట మింగేసింది తనే.

"ప్లాను నాదే ఎర్రన్నా," అన్నారు.

ఎర్రన్న గంప నెత్తికెత్తుకుని సంత వైపు నడిచాడు. రైతులు కూడా ఒక్కొక్కరే అతని వెనక కదిలారు.