అమ్మ అకౌంట్లు

మా అమ్మ విడుదల కోసం మా చర్చి మొత్తం శుక్రవారం శుక్రవారం పస్తుంటోంది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన అమ్మకి కాంట్రాక్టు అయిపోయి ఏడాది దాటింది. మేడం పాస్‌పోర్టు ఇవ్వడం లేదనీ, గేటుకి తాళం వేసి ఉంచుతోందనీ, ఫోను కూడా లాక్కుందనీ అమ్మే చెప్పింది. నెలకోసారి ఆ ఇంటి డ్రైవరు ఫోను అడుక్కుని మాట్లాడేది. "బానే ఉన్నాను, ప్రార్థన చెయ్యండి" అని పెట్టేసేది. డబ్బు మాత్రం నెల తప్పకుండా వచ్చేది. తాళం వేసిన గేటులోంచి డబ్బు ఎలా బయటికొస్తోందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. రాకపోతే కదా అడుగుతారు.

ఇక నా సంగతి. నర్సింగ్ పాసై ఇంట్లో కూర్చున్నానని ఊళ్ళో అంటారు. కూర్చోవడానికి తీరికెక్కడిది? మా నాయనమ్మ బుచ్చమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. ఆవిడని అటూ ఇటూ తిప్పడం, కడగడం, తినిపించడం, ఆ తిట్లు తినడం నా పని. మా నాన్న లాజరు రాజోలులో ఆటో నడుపుతాడు. పొద్దున్న వెళితే మళ్ళీ అన్నం వేళకే ఇంటి మొహం చూస్తాడు.

విశాఖపట్నంలో ఒక ఆస్పత్రి వాళ్ళు నాకు ఉద్యోగం ఇచ్చారు. ఒకసారి గడువు అడిగితే ఇచ్చారు. రెండోసారి అడిగితే, వచ్చే సోమవారం చేరకపోతే వేరే అమ్మాయిని తీసుకుంటామని చెప్పేశారు. నాన్నని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట. "మీ అమ్మ రాగానే వెళ్ళిపోదువు గాని." అంటే అమ్మకి తాళం తీస్తేనే నాకు తాళం తీస్తారు. మేడం ఎవరో, ఎలా ఉంటుందో తెలియదు గానీ ఆవిడని నేను తిట్టినంత మా నాన్న కూడా తిట్టి ఉండడు.

మా పాస్టరు శామ్యూల్ అయ్యగారు మంచివారు. కిందటి శుక్రవారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చారు.

"ఎంబసీకి అర్జీ పెడదాం లాజరూ. కాకపోతే ఆవిడ ఏ పేటలో, ఎవరింట్లో ఉందో తెలియాలి కదా" అని నా వైపు తిరిగారు. "హన్నమ్మా, నువ్వు చదువుకున్నదానివి. ఆ ఫేస్‌బుక్కులూ అవీ వెతికితే ఏదైనా ఆచూకీ దొరుకుతుందేమో చూడమ్మా."

"ఆయ్, చూస్తానండి" అన్నాను.

ఫేస్‌బుక్కులో అమ్మ పేరు శాంతి లాజరు. వెళ్ళేముందు నేనే పెట్టిచ్చిన అకౌంటు అది. మా చర్చి ఫోటో పెట్టి ఉంది. కిందటి క్రిస్మస్ తర్వాత అందులో ఏమీ లేదు. ఇమో యాప్‌లో పాత నంబరు మూగపోయి ఉంది. కువైట్ తెలుగువాళ్ళ గ్రూపుల్లోకి దూరి, ఉగాది ఫోటోలూ, చర్చి ఫోటోలూ, పుట్టినరోజు ఫోటోలూ అన్నీ గాలించాను. వెనక వరసలో నిలబడ్డ ప్రతి ఆడమనిషి మొహాన్నీ పెద్దది చేసి చూశాను. శాంతి లాజరు అనీ, లాజరు శాంతి అనీ, శాంతి రాజోలు అనీ, ఎన్ని రకాలుగా కొట్టినా మా అమ్మ రాలేదు.

మంగళవారం నాయనమ్మకి జావ తాగిస్తున్నాను. వేడిగా ఉందని సగం నా మీదే ఊసేసింది.

"నేలపూడోళ్ళ బుద్ధి ఎక్కడికి పోద్దే! తల్లి ఒగ్గేసి పోయింది, నువ్వు చంపుతున్నావు" అంది.

నేలపూడి మా అమ్మ పుట్టింటి ఇంటిపేరు. మా ఇంట్లో అది తిట్టుకి తప్ప దేనికీ వాడరు. జావ తుడుచుకుంటూ ఆగిపోయాను. ఇన్నాళ్ళూ నేను మా నాన్న పెళ్ళాం కోసం వెతుకుతున్నాను. నాయనమ్మకి మూతి తుడిచి, ఫోను తీసి, నేలపూడి శాంతి అని కొట్టాను.

ఇన్‌స్టాగ్రామ్‌లో వెంటనే వచ్చింది. మొహం లేదు. కుట్టుమిషను ఫోటో. కింద వరసగా జాకెట్ల వీపులు, రకరకాల డిజైన్లు. అదే పేరుతో యూట్యూబ్‌లో ఇంకొకటి. అందులో రెండు చేతులు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాయి. "అందరికీ వందనాలండి. ఇవాళ బోట్ నెక్ కటింగ్ చూద్దాం" అంది గొంతు. అది మా అమ్మ గొంతే. కానీ మా ఇంట్లో ఆ గొంతు అంత తీరిగ్గా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ వీడియో కింద టిక్‌టాక్ లింకు ఉంది. మన దేశంలో దాన్ని ఆపేశారు కదా, తెరుచుకోలేదు. ఫోను వేరే దేశంలో ఉందని నమ్మించే యాప్ ఒకటి వేసుకుని తెరిచాను. అక్కడ దొరికింది మా అమ్మ మొహం. ఇక్కడివాళ్ళెవరూ చూడలేరని తెలిసే అక్కడ పెట్టుకున్నట్టుంది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. పంజాబీ డ్రస్సు. కడుపు చల్లబడింది, బతికే ఉంది, బాగుంది అనుకున్నాను. తర్వాత వీడియో చూశాక ఒళ్ళు మండింది.

సముద్రం ఒడ్డున చాప పరుచుకుని ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కూర్చుంది. మధ్యలో పెద్ద పళ్ళెం నిండా బిర్యానీ. అమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది. వీడియో మీద 'శుక్రవారం మాది' అని రాసి ఉంది. తేదీ చూశాను. మా చర్చిలో షుగరున్న సుగుణమ్మగారు ఉపవాసం ఉండి, అమ్మ పేరు ఎత్తి ప్రార్థన చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి పడిపోయిన శుక్రవారం అది. ఆవిడ నోట్లో నేనే పంచదార పోశాను.

ఇంకో వీడియోలో కుట్టు షాపు బోర్డు పూర్తిగా కనిపించింది. షాపు పేరు, పేట పేరు, ఫోను నంబరు. అయ్యగారు అడిగింది అదే. దాన్ని ఫోటో తీసి ఉంచుకున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో "అమ్మా, నేను హన్నాని" అని మెసేజ్ పెట్టాను.

మధ్యాహ్నం నాయనమ్మ నిద్రపోతుంటే వీడియో కాల్ వచ్చింది. పెరట్లో కొబ్బరి పీచు డొక్కల కుప్ప పక్కకి వెళ్ళి ఎత్తాను. అమ్మ షాపు వెనకాల ఎక్కడో నిలబడి ఉంది. మెళ్ళో టేపు వేలాడుతోంది.

"నాన్నకి చెప్పేవా?" అంది. ఎలా ఉన్నావే అని కాదు. తిన్నావా అని కూడా కాదు.

"ఇంకా లేదు. నీ మేడం గేటు తాళం ఎప్పుడు తీసిందేంటి?"

"ఆవిడసలు వెయ్యలేదే. కాంట్రాక్టు అవగానే టికెట్టు తీసి పంపిస్తానంది. నేనే వద్దన్నాను. వేరే చోట పని చేసుకోమని ఆవిడే సంతకం పెట్టి వదిలింది, ఈ షాపులో చేరేను."

"మరి మాకెందుకు అలా చెప్పేవు? ఇక్కడ మనుషులు తిండి మానేసి ఏడుస్తున్నారు నీ కోసం!"

"రానంటే ఊరుకుంటారా? మీ నాన్న ఊరుకుంటాడా, అయ్యగారు ఊరుకుంటారా? రానంటే తిడతారు. రానివ్వట్లేదంటే ఏడుస్తారు. ఏడవనీలే అనుకున్నాను." అమ్మ కళ్ళు తుడుచుకుంది. "మీ తాత మంచాన పడితే నేనే ఎత్తేను. ఆయన పోగానే మీ నాయనమ్మ పడింది. కువైట్ వెళ్తానంటే ఇంటి మీద స్లాబు పడుద్దని పంపించేరు గానీ, నేను బతుకుతానని పంపించేరా? ఇక్కడ నా గదికి తాళం చెవి నా దగ్గరుంటాది హన్నా. పని అయ్యాక నన్నెవరూ పిలవరు. ఇంక ఆ ఇంట్లోకి నేను రాలేను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆవిడ చెప్పిందాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఆ మంచం బరువెంతో నాకు తెలుసు. తెలిసినందుకే ఇంకా మండింది.

"మరి నేను?" అన్నాను.

"నువ్వూ వెళ్ళిపో తల్లీ."

"నాయనమ్మని ఎవరికి అప్పజెప్పి?"

లోపల్నుంచి ఎవరో అరబ్బీలో పిలిచారు. "వస్తున్నా" అన్నట్టు చెయ్యెత్తింది.

"సోమవారం చేరకపోతే నా ఉద్యోగం పోతాదమ్మా. నీ షాపు బోర్డు నా ఫోన్లో ఉంది. అయ్యగారికిస్తే ఎంబసీ వాళ్ళు నీ దగ్గరికి వస్తారు. నాన్నకి తెలుస్తాది. నిన్ను లాక్కొచ్చేస్తారు. నేను వెళ్ళిపోవచ్చు."

"ఇవ్వగలవు" అంది అమ్మ నెమ్మదిగా. "నీ ఇష్టం. వద్దని నేనెలా అంటాను? నిన్ను మాత్రం బ్లాక్ చెయ్యనులే. అప్పుడప్పుడూ నన్ను చూస్తా ఉండు."

కాల్ ఆగిపోయింది. చూస్తా ఉండాలట! ఆవిడ బతుకుతుంటే నేను ఇక్కడ బోర్లించిన గంగాళంలా కూర్చుని లైకులు కొట్టాలట. లోపల నాయనమ్మ లేచి నన్ను పిలుస్తోంది. వెళ్ళి పక్క మార్చాను.

తర్వాతి రెండు రోజులూ ఆ బోర్డు ఫోటోని ఎన్నిసార్లు అయ్యగారి వాట్సాప్‌లో పెట్టి మళ్ళీ తీసేశానో నాకే తెలియదు. పంపిస్తే అమ్మ ఆ మంచం దగ్గర నిలబడుతుంది, పంపకపోతే నేను నిలబడతాను. ఎవరో ఒకరు నిలబడాలి. ఇంతమందిలో ఆ ఎవరో ఒకరు నాన్న కాకూడదని ఎవరు రాసిపెట్టారో!

గురువారం ఆ మాటే నాన్నని అడిగాను. అన్నం కలుపుకుంటూ తలెత్తాడు.

"మగాణ్ణి, మా అమ్మకి నేనెలా కడుగుతానే?"

"మనిషిని పెట్టొచ్చు కదా. అమ్మ పంపిన డబ్బుతోటే."

"మీ అమ్మ అక్కడ చెరలో ఉండి పంపిన డబ్బు పనిమనిషికి పొయ్యమంటావా? నలుగురూ ఏమనుకుంటారు? రానీ మీ అమ్మని." అని మజ్జిగ పోసుకున్నాడు. నాన్న చెడ్డవాడు కాదు. నేనూ అమ్మా లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆయనెప్పుడూ ఊహించుకోలేదు, అంతే.

శుక్రవారం వచ్చింది. పక్కింటి రేవతిగారిని నాయనమ్మ దగ్గర కాసేపు ఉండమని బతిమాలి నాన్నతో చర్చికి వెళ్ళాను. చాపల మీద ఆడవాళ్ళంతా తలల మీద కొంగులు వేసుకుని కూర్చున్నారు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, పెదవులు ఎండిపోయాయి. ఊడ్పులకి వెళ్ళే ఆడవాళ్ళు పని మానుకుని వచ్చారు. సుగుణమ్మగారు కూడా వచ్చారు. వద్దండీ, మీరు తినాలి అంటే, "మీ అమ్మ అక్కడ తింటందో లేదో, నాకెలా దిగుద్దమ్మా" అన్నారు. నాకు అమ్మ మీద అంత కోపం ఆ వారం మొత్తంలో ఎప్పుడూ రాలేదు. అప్పుడే గనక అయ్యగారు అడిగి ఉంటే ఫోను చేతికిచ్చేసేదాన్ని.

పాటలయ్యాక అడిగారు. "మన హన్నమ్మ వారమంతా వెతికిందండీ. ఏం తెలిసిందో చెప్తుంది. లేమ్మా."

లేచాను. ఫోను చేతిలోనే ఉంది. అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి. మగవాళ్ళ వైపు నాన్న కాస్త ముందుకి వంగాడు. బోర్డు ఫోటో చూపిస్తే చాలు, సోమవారం నాది. కానీ ఆ టేపు మెళ్ళో వేసుకున్న మనిషిని తెచ్చి నాయనమ్మ మంచం దగ్గర నిలబెట్టడం నా చేతుల్తో నావల్ల కాలేదు.

"ఏ అకౌంటూ దొరకలేదండి" అన్నాను.

కొందరు ఏడుపు మొదలెట్టారు. నేను కూర్చోలేదు.

"మా అమ్మ కోసం చేసింది చాలండి. దయచేసి భోజనాలు చెయ్యండి. ఇవాళ నా కోసం ప్రార్థన చెయ్యండి. అమ్మ వచ్చినా రాకపోయినా నేను వెళ్ళాలండి. సోమవారం విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాలి. మా నాయనమ్మని చూసుకోడానికి మనిషిని పెట్టమని మా నాన్నకి మీరంతా చెప్పండి. ఆ ఇంట్లోంచి నాకు విడుదల కావాలండి."

నాన్న తల దించుకున్నాడు. సుగుణమ్మగారు లేచి వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నారు. "తల్లి మీద బెంగండీ, పిచ్చిపిల్ల ఏదేదో మాట్లాడతంది" అంటూ నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఉన్నవాళ్ళు నా వీపు నిమిరారు. ఎవరి చేతుల్లోనూ కోపం లేదు. ఉంటే విదిలించుకునేదాన్ని.

అయ్యగారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు.

"తండ్రీ, ఈ చిన్నబిడ్డకి ఓర్పు దయచేయండి. వాళ్ళమ్మ తిరిగి వచ్చేదాకా ఆ ఇంటిని మోసే బలం ఇవ్వండి. వెళ్ళిపోవాలన్న ఆలోచన ఈమె మనసులోంచి తీసెయ్యండి."

"ఆమెన్" అంది చర్చి మొత్తం. అందరికంటే గట్టిగా నాన్న అన్నాడు. అలవాటు కొద్దీ నా నోరు కూడా ఆమెన్ అంది.